భూత్ మహల్ వచ్చిన చలికాలం

ఆ చలికాలంలో నేను అబద్ధానికి మూడు రోజులు బయట చేరాను.

చిక్కడపల్లిలో మేము అద్దెకున్న ఇంటికి వెనకవైపు ఒక రేకుల వసారా ఉండేది. ఆ మూడు రోజులూ నా చాప, కంచం, చెంబు అక్కడే. అత్తగారు చీర కొంగు నాకు తగలకుండా ఎత్తిపట్టుకుని, పైనుంచి కంచంలోకి అన్నం జారవిడిచేవారు. నేను తల వంచుకుని తినేదాన్ని. నాలుగో రోజు తెల్లవారుతూనే పసుపు రాసుకుని, తలస్నానం చేసి లోపలికి వచ్చాను. ఎక్కడా తప్పు దొర్లలేదనుకున్నాను.

అప్పటికే నాకు నెల తప్పింది. ఆ సంగతి మావారికి కూడా చెప్పలేదు.

అంతకు ముందు రెండుసార్లు చెప్పాను. మొదటిసారి అత్తగారు గుడివాడలో ఉన్న చుట్టాలందరికీ ఉత్తరాలు రాశారు. మూడో నెల దాటకుండానే అంతా అయిపోయింది. రెండోసారి ఒక పెళ్లికని బస్సులో వెళ్లి వచ్చాం. వచ్చిన మర్నాడే ఆసుపత్రిలో ఉన్నాను. ఇంటికి తీసుకొచ్చాక మావారు ఒక్క మాట అనలేదు. గోడవైపు తిరిగి పడుకున్నారు, అంతే. వారి వీపు చూస్తూ నేను తెల్లవార్లూ మేలుకున్నాను. ఈసారి పోయేదైతే నాలోంచే, నాకు మాత్రమే తెలిసి పోనీ అనుకున్నాను. ఇంకొకరి మొహం చూడాల్సిన పని ఉండదు.

బయట చేరడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఊళ్లో తెలంగాణ గొడవలు మొదలయ్యాయి. కాలేజీలు మూసేశారు. మా సందు చివర గోడ మీద 'నాన్ ముల్కీలు వెళ్లిపోవాలి' అని ఎవరో బొగ్గుతో రాశారు. నాన్ ముల్కీలంటే మాలా కోస్తా నుంచి వచ్చినవాళ్లు. మావారు బస్సులో కండక్టరుతో పూర్తి మాట మాట్లాడేవారు కారు. నోరు విప్పితే యాస తెలిసిపోతుందని, చిల్లర చేతిలో పెట్టి "ఆబిడ్స్" అని ఊరుకునేవారు. వాళ్లమ్మనీ నన్నూ గుడివాడ పంపించేస్తానని పట్టుబట్టారు. నాకు బస్సెక్కినా రైలెక్కినా మళ్లీ ఆసుపత్రే అనిపించేది. బయట చేరినవాళ్లను ఎవరూ ప్రయాణం కట్టించరు కదా. అలా ఒక గండం గడిచింది. కానీ నేను తలస్నానం చేసి వచ్చానో లేదో, అత్తగారు పంచాంగం తీసి వచ్చే బుధవారం ప్రయాణానికి దివ్యంగా ఉందన్నారు.

ముందు వాటాలో ఇంటివాళ్లు ఉండేవారు. జగన్మోహన్ గారు, ఆయన భార్య పద్మగారు. తాతల నాటి నుంచి ఈ ఊరివాళ్లు. పద్మగారు నాకంటే పదేళ్లు పెద్ద. ముగ్గురు పిల్లల తల్లి. నల్లా దగ్గర, దండెం దగ్గర రోజూ కలుసుకునేవాళ్లం. గొడవలు మొదలయ్యాక ఆవిడ మాటలు తగ్గించింది. నేను వెనక వసారాలోంచి లోపలికి వచ్చిన రోజు నుంచీ మరీ వింతగా చూడసాగింది. నేను బిందె ఎత్తుతుంటే చూస్తుంది. బట్టలు పిండుతుంటే చూస్తుంది. ఏదో అనబోయి మానేస్తుంది.

"ఇల్లు ఖాళీ చెయ్యమని ఎలా చెప్పాలా అని చూస్తోందే ఆవిడ" అన్నారు అత్తగారు. నాకూ అలాగే అనిపించింది.

*

శుక్రవారం సాయంత్రం జగన్మోహన్ గారు మా గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. చేతిలో రంగు కాగితాల టికెట్లు.

"ధర్మారావుగారూ, ఐతారం ఏం పని పెట్టుకోకుండ్రి. నారాయణగూడల భూత్ మహల్ ఒచ్చింది. లోపలంత దయ్యాల ఆటనే. బొంబాయి పార్టీ అంట. పిల్లల్ని రానిస్తలేరు, పెద్దోళ్లకే. మా దోస్తు ఒకడు లోపలికి పోయి, చెప్పులు ఆడనే ఇడిసిపెట్టి ఉరికొచ్చిండు!"

మావారు నవ్వారు. ఉండాల్సినదానికంటే ఎక్కువసేపు నవ్వారు. ఆ నెలరోజుల్లో ఆఫీసులో కానీ వీధిలో కానీ ఆయన్ని ఎవరూ ఎక్కడికీ రమ్మని పిలవలేదు.

"తప్పకుండా వస్తామండీ" అన్నారు.

జగన్మోహన్ గారి వెనక పద్మగారు వచ్చింది. "త్రిపురకెందుకు? ఆమెను ఇంటికాడ ఉండనియ్యి. మొగోళ్లు మీరు పోయి రాండ్రి."

"ఏంది పద్మా! పక్కింటోళ్లను పిలుస్తుంటే నడుమల నువ్వేంది?"

"నేనేమన్న? గా చీకట్ల, గా లొల్లిల ఆమెకేం పని అంటున్న, గంతే." అంటూ నా మొహంలోకి సూటిగా చూసింది.

వాళ్లు వెళ్లాక అత్తగారు వంటింట్లోంచి గొంతు తగ్గించి అన్నారు. "విన్నావుటే? నీతో కలిసి నడవడం ఆవిడకి నామోషీ."

"ఆవిడ సంగతి వదిలెయ్యమ్మా" అన్నారు మావారు. "ఆయన మనసుపెట్టి పిలిచాడు. ఈ రోజుల్లో మనల్ని పిలిచేవాడెవడు? త్రిపుర రాకపోతే మనమే మొహం చాటేశామనుకుంటారు."

రానని చెప్పడానికి నా దగ్గర ఒకే ఒక్క కారణం ఉంది. అది చెప్పలేను.

"వస్తాను" అన్నాను.

*

ఆదివారం సాయంత్రం వెళ్లాం. నారాయణగూడలో ఖాళీ మైదానం చుట్టూ గుడారపు గుడ్డ కట్టారు. ముందువైపు చెక్క పలకల మీద పెద్ద పుర్రె బొమ్మ. దాని నోరే ద్వారం. లోపలినుంచి గ్రామఫోను నవ్వు, దాని మీదుగా నిజం మనుషుల అరుపులు. బయటికి వచ్చేవాళ్లు వగరుస్తూ వచ్చి, ఒకరినొకరు చూసుకుని, అప్పుడు నవ్వుతున్నారు.

ద్వారం పక్కన ఉర్దూలో, హిందీలో, తెలుగులో బోర్డు ఉంది. పిల్లలకూ, గుండె జబ్బు ఉన్నవారికీ, గర్భిణీ స్త్రీలకూ ప్రవేశం లేదు. నేను దాన్ని చదివి, మళ్లీ చదివాను. జనం ముందుకు నెడుతున్నారు.

టికెట్లు చింపే ఆడమనిషి ఎర్ర స్వెట్టరు వేసుకుని స్టూలు మీద కూర్చుంది. "పొట్టతోని ఎవలన్న ఉన్నరా?" అని ఆమె బియ్యంలో రాళ్లున్నాయా అని అడిగినట్టు అడిగింది. క్యూలో ఉన్న మగవాళ్లందరూ మా వైపు తిరిగారు.

"లేరండీ" అన్నారు మావారు హుషారుగా.

ఆ ఎర్ర స్వెట్టరావిడ నా మొహం కేసి చూసింది. "నువ్వు చెప్పమ్మా."

నేను తల అడ్డంగా ఊపాను.

"జర ఆగుండ్రి" అంది పద్మగారు. "త్రిపురా, నాకెందుకో తల తిరుగుతున్నది. నువ్వు నా తోటి బయట కూసో."

ఎలాగైనా నన్ను వెనక్కి మళ్లించాలనే ఆవిడ చూస్తోందనుకున్నాను. మాతో వచ్చినందుకే చిన్నతనంగా ఉందేమో, ఎవరన్నా తెలిసినవాళ్లు కనిపించారేమో. నాకు కోపం వచ్చింది. కోపం వస్తే భయం కాస్త తగ్గింది. "పర్వాలేదు, మీరు కూర్చోండి. నేను వెళ్తాను" అన్నాను.

పద్మగారు పళ్లు కొరికింది. తల తిరగడం మానేసి, నా చెయ్యి పట్టుకుని పుర్రె నోట్లోకి నడిచింది.

*

ముందు జగన్మోహన్ గారు, తర్వాత మావారు, మా వెనక తెలియని మగవాళ్లు ఇద్దరు. తడి గోనెపట్టాలు మొహానికి తగిలాయి. కిరసనాయిలు, కర్పూరం, ఇంకేదో కుళ్లిన వాసన. కాలి కింద నేల పోయి పలకలు వచ్చాయి. అవి లారీ టైర్ల మీద వేసినవట, తర్వాత తెలిసింది. అడుగు పెడితే ఒకవైపు దిగిపోయి ఇంకోవైపు లేస్తున్నాయి. నేను రెండు చేతులతో చీర కుచ్చిళ్ల దగ్గర పట్టుకున్నాను. అందరూ నేను చీర తొక్కకుండా పట్టుకున్నాననుకుంటారు.

ఎర్రదీపం వెలిగింది. బల్ల మీద పళ్లెంలో తెగిన తల. కళ్లు తెరిచి మావారిని చూసి, "వచ్చినవా? నీ కోసమే చూస్తున్న" అంది. మావారు కెవ్వుమన్నారు. జగన్మోహన్ గారు ఆయన భుజం మీద చరిచి విరగబడి నవ్వారు. ఇద్దరూ పిల్లల్లా ఒకరినొకరు తోసుకుంటూ ముందుకు పోయారు. మావారు గొంతెత్తి అరవడం, నవ్వడం విని ఎన్నాళ్లయిందో. అంత భయంలోనూ నాకు ఆ సంగతి తోచింది.

గోడల్లోంచి చేతులు వచ్చాయి. సున్నం పూసిన చల్లటి చేతులు. ఒకటి నా జడ పట్టుకుంది. ఒకటి నడుం మీద పడింది. "ఏయ్, తియ్!" అని పద్మగారు దాన్ని ఛెళ్లున కొట్టింది. దీపం ఆరిపోయింది. నడిచినకొద్దీ పలకలు ఎగురుతున్నాయి. వెనకవాళ్లు తోస్తున్నారు. నాకు దయ్యాలు గుర్తులేవు. ఆ పలక లేచి పడినప్పుడల్లా లోపల ఏదో అంగుళం కిందికి జారుతున్నట్టుంది. దేవుడా, ఇది దాటించు, ఇంకేం అడగను అనుకుంటున్నాను.

అప్పుడు పై నుంచి దూకింది అది. నల్లటి మనిషి, పుర్రె మొహం, నా మీదికి వంగి, చెవి పక్కనే గర్జించింది. నేను వెనక్కి తగ్గాను. అక్కడ పలక లేదు. మోకాళ్ల మీద పడ్డాను. నడుము నుంచి కిందికి ఒక నొప్పి, తీగ లాగినట్టు. ఆ నొప్పి నాకు తెలుసు.

"దూరం జరుగు!" పద్మగారి గొంతు ఆ గుడారమంతా మోగింది. "ముట్టకు ఆమెను! పొట్టతోని ఉన్నది! దీపాలెయ్యుండ్రి, ఓ పోరగాండ్లారా, దీపాలెయ్యుండ్రి! పొట్టతోని ఉన్నది!"

గ్రామఫోను నవ్వు ఇంకా వినిపిస్తూనే ఉంది. పుర్రె నా మీద నుంచి లేచింది. రెండు చేతులతో తన మొహాన్ని ఊడబీక్కుంది. కింద నలభై ఏళ్ల మనిషి. తాంబూలంతో ఎర్రబడ్డ నోరు, చెమట కారుతున్న నుదురు.

"అమ్మా, అమ్మా... ముందుగల్ల చెప్పొద్దా తల్లీ! నాకు గీ పాపం ఎందుకు?" పుర్రె ముసుగు కింద పడేసి చెయ్యి అందించాడు. "ఇటు రా. ఇటు. మెట్టు ఉన్నది, చూసుకో."

గుడ్డ గోడను ఎత్తి పట్టుకున్నాడు.

*

గోడ అవతల పెట్రోమాక్స్ దీపం. తాడు మీద ఆరేసిన నల్ల చీరలు. ఒక మూల కుంపటి మీద చాయ్ కాగుతోంది. జుట్టు విరబోసుకుని, మొహానికి సున్నం కొట్టుకున్న ఆడది బీడీ పడేసి లేచి తన స్టూలు నా కింద పెట్టింది. "బుగ్గయ్యా, ఏమైంది?" అంటూ పళ్లెంలో ఉన్న తల కూడా తన ఒంటితో సహా వచ్చింది. బొంబాయి పార్టీ అన్నారు గానీ ఆ దయ్యాలన్నీ మన గల్లీలవే. అందరూ నా చుట్టూ నిలబడ్డారు. ఆ పూసిన రంగుల కింద వాళ్ల మొహాల్లో ఉన్నంత భయం నేను లోపల ఎక్కడా చూడలేదు.

"మంచినీళ్లే అక్కా, తాగు" అంది ఆడదయ్యం చెంబు అందిస్తూ.

మావారు గుడ్డ కింద నుంచి దూరి వచ్చారు. జుట్టంతా చెదిరి ఉంది. ఇంతకు ముందటి నవ్వు ఇంకా మొహం మీద సగం ఉంది. నన్ను చూశారు, పద్మగారిని చూశారు. ఆ మట్టిలోనే, నా స్టూలు పక్కన గొంతుక్కూర్చున్నారు.

"ఎన్నో నెల?" అని అడిగారు.

"రెండోది."

ఆయన గోడవైపు తిరగలేదు. అక్కడ గోడ లేదు కూడా. నా పాదం మీద అంటిన మట్టిని బొటనవేలితో తుడుస్తూ కూర్చున్నారు. ఆ పాదమే మళ్లీ మళ్లీ తుడిచారు.

*

రిక్షా మామూలు నడక కన్నా నెమ్మదిగా పోయింది. పద్మగారు రిక్షావాడిని ప్రతి గుంట దగ్గరా తిడుతూ వచ్చింది. మగవాళ్లిద్దరూ రిక్షాకు చెరో పక్కా నడిచారు.

"మీకెలా తెలిసింది?" అని అడిగాను చివరికి.

"ఎట్ల తెలిసిందంట! మూడు దినాలు బయట కూసుంటివి. చాప ఏసుకుంటివి, కంచం కడుక్కుంటివి, నాలుగో దినం తల పోసుకుంటివి. అంత మంచిగ చేసినవ్. దండెం మీద చీరె చాటుకు ఒక్క గుడ్డ ఆరేసినవా? రోజు చూస్తిని. ఒక్కటి లేదు. ఆడదాన్ని, నాకు తెల్వదా?"

మడి అని అత్తగారు ఆ మూడు రోజులూ వసారా దాటి పెరట్లోకి రాలేదు. ఆ దండెం సంగతి చూసే కన్ను ఇంకొకటి ఉంటుందని నాకు తట్టలేదు.

"మరి నాతో అనలేదేం?"

"నువ్వు దాస్తుంటే నేనెట్ల అంటనమ్మా? ఏదో భయం ఉన్నది నీకు అనుకున్న. అందుకే పోవద్దు పోవద్దు అని మొత్తుకున్న. నువ్వేమో మూతి ముడుచుకుంటివి." రిక్షావాడిని ఇంకో గుంట దగ్గర కసిరి, "మీ అత్త నన్ను చూస్తేనే తలుపేసుకుంటది. నేనింకెవరికి చెప్పాలె?" అంది.

అత్తగారికి మావారే చెప్పారు. ఆవిడ వత్తులు చేసుకుంటున్నారు.

"రెండో నెలేమిట్రా? మొన్ననేగా బయట చేరింది" అన్నారు. మావారు నా వైపు చూశారు. ఆవిడ చేతిలో వత్తి ఆగిపోయింది. "అబద్ధమా? ఎంత నాటకమే! మూడు రోజులు నడుం విరిగేలా ఒంటి చేత్తో వండి పోశాను. అంట్లు తోమాను. నీ నీడ తగలకుండా గోడలంట పాకాను ఈ వయసులో! నా దగ్గరా నీ దాపరికం? నేనేమన్నా పరాయిదాన్నా?"

నేను మంచం మీద పడుకున్నాను. ఏడుపు రాలేదు. నొప్పి మళ్లీ వస్తుందా అని ఒళ్లంతా చెవులు చేసుకుని ఉన్నాను. ఆవిడ దేవుడి గదిలోకి వెళ్లి చాలాసేపు రాలేదు. వచ్చి నా కాళ్ల కింద దిండు ఎత్తుగా పెట్టారు. దుప్పటి సర్దుతూ, నా వంక చూడకుండా అన్నారు.

"గుడివాడకి నేను ఉత్తరం రాయనులే. ఎవరికీ రాయను."

మర్నాడు పొద్దున్న నాకు మరక కనిపించింది. చిన్నదే, రూపాయి కాసంత. గోడ పట్టుకుని నిలబడిపోయాను. ఎవరినీ పిలవలేదు. అయినా ఇద్దరూ వచ్చారు, అత్తగారు వంటింట్లోంచి, పద్మగారు పెరటి వైపు నుంచి. పద్మగారు లేడీ డాక్టరును ఇంటికే తీసుకొచ్చింది. డాక్టరు మంచం దిగొద్దంది. ప్రయాణం మాట తలపెట్టొద్దంది. ఇంతకంటే తన చేతుల్లో ఏమీ లేదంది.

ఆ బుధవారం వెళ్లిపోయింది. మేము ఎక్కడికీ వెళ్లలేదు.

తర్వాతి వారాలు నాకు మంచం మీది నుంచి వినిపించినవే తప్ప కనిపించినవి కావు. దూరంగా ఊరేగింపుల నినాదాలు. హఠాత్తుగా షాపుల తలుపులు మూసుకునే చప్పుడు. మావారి సైకిలు వచ్చి ఆగిన చప్పుడయ్యే దాకా వంటింట్లో గిన్నె మోగేది కాదు. సాయంత్రాలు మావారూ జగన్మోహన్ గారూ అరుగు మీద కూర్చుని ముల్కీల గురించి గట్టిగా పోట్లాడుకునేవారు. ఇంతకు ముందైతే పోట్లాడుకునేవారు కారు. మర్యాదగా తలుపులేసుకునేవారు. ఒకరోజు అత్తగారికి నడుం పట్టేసింది. పద్మగారు చెప్పకుండానే వచ్చి పొయ్యి ముందు కూర్చుంది. అత్తగారు గుమ్మం దగ్గర నిలబడి, "చింతపండు అంత పొయ్యకు. మావాళ్లు తినలేరు" అన్నారు. పొయ్యి ముందు నుంచి లేవమని మాత్రం అనలేదు.

నేను రోజూ పొద్దున్నే చీర చూసుకునేదాన్ని. ఏమీ లేకపోతే ఆ పూటకి ఊపిరి పీల్చుకునేదాన్ని. మూడో నెల దాటింది. ఎవరూ ఆ మాట పైకి అనలేదు.

ఎండలు ముదిరాయి. ఒకరోజు బంద్. బస్సుల్లేవు, రిక్షాల్లేవు, వీధిలో కుక్క కూడా లేదు. మగవాళ్లు ఇద్దరూ అరుగు మీద పేపరు పంచుకుని చదువుకుంటున్నారు. నేను పక్కకు ఒత్తిగిలి, కిటికీలోంచి తెల్లగా మండుతున్న గోడను చూస్తున్నాను. అప్పుడు లోపల, బొడ్డుకు కాస్త కింద, గోరుతో ఎవరో మెల్లగా గీరినట్టయింది. నేను కదల్లేదు. మళ్లీ గీరింది.

"అత్తయ్యా!" అని అరిచాను. "అత్తయ్యా! పద్మగారూ!"

ఆ నిశ్శబ్దంలో నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఏదో గిన్నె కింద పడింది. అత్తగారు పిండి చేతులతో పరుగెత్తుకొచ్చారు. ఆవిడ పెదాలు తెల్లబడిపోయి ఉన్నాయి. పద్మగారు పెరటి తలుపు తోసుకుని వచ్చి రొప్పుతూ నిలబడింది. అరుగు మీది మాటలు ఆగిపోయాయి. మావారు గుమ్మం దాకా వచ్చి, లోపలికి రావడానికి ధైర్యం చాలక, తలుపు పట్టుకుని ఉండిపోయారు.

"ఏమైందే? ఏమైంది?" అన్నారు అత్తగారు.

"కదిలింది" అన్నాను.

"నీ ఇల్లు బంగారం గాను" అంది పద్మగారు గుండె మీద చెయ్యి వేసుకుని. "గా దయ్యం మీద పడ్డనాడు సుత గింత లొల్లి చెయ్యకపోతివి!"

అత్తగారు నవ్వలేదు. మంచం పట్టె మీద కూర్చుని, పిండి చెయ్యిని కొంగుకు తుడుచుకుని, నా పొట్ట మీద పెట్టారు. "ఎక్కడ?" అన్నారు. పద్మగారు ఇటువైపు కూర్చుని, ఆ చేతిని పట్టుకుని ఇంకొంచెం కిందికి జరిపింది. "ఇక్కడుంటది పెద్దమ్మా."

తలుపు దగ్గర మావారు ఆ రెండు చేతుల వంకే చూస్తూ నిలబడ్డారు. అది మళ్లీ కదిలే దాకా ఆ చేతులు అక్కణ్ణుంచి కదల్లేదు.